ఏమీ జరగలేదని రాశాను

కొన్నేళ్ళుగా ఒక బరువు గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. దింపుకునే చోటు దొరకలేదు. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఢిల్లీలో, ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండే ఒక ప్రభుత్వోద్యోగిని అనుకోండి. ఇంతకు మించి అడక్కండి.

ఒక మనిషి చేసిన గొప్ప పనిని కళ్ళారా చూశాను. చూడనట్టు సంతకం పెట్టాను. అంతే. రాస్తుంటే ఎంత చిన్నదిగా ఉందో చూడండి. నాకూ మొదట్లో చిన్నదిగానే అనిపించింది.

కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను. విమానాశ్రయంలో విమానాలను దింపేది, ఎగరనిచ్చేది టవర్‌లో కూర్చునే కంట్రోలర్లు. ప్రతి టవర్‌కూ ఒక గ్రేడ్ ఉంటుంది. ఆ గ్రేడ్‌ని బట్టే అక్కడి కంట్రోలర్ల అలవెన్సులు, అక్కడ ఎంతమంది ఉండాలన్నది. కొన్నాళ్ళకోసారి గ్రేడ్‌ను తిరిగి చూస్తారు. ఎన్ని విమానాలు వచ్చిపోయాయో లెక్క తీస్తారు. లెక్క ఎటూ తేల్చకుండా రెండు గ్రేడ్ల మధ్య గీత మీద నిలబడిందనుకోండి, హెడ్ ఆఫీసు నుంచి ఇద్దరు వెళ్ళి, రద్దీ వేళలో టవర్‌లో కూర్చుని, పని ఎంత కష్టంగా ఉందో చూసి రాస్తారు. వాళ్ళు రాసిందే వేదం.

అలా చూసి రాసేవాళ్ళలో నేనొకదాన్ని. ఒకప్పుడు నేనూ కంట్రోలర్‌నే. పిల్లల కోసం వదిలేశానని అందరికీ చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఒకరోజు రాడార్ ముందు కూర్చుని ఉండగా తెరమీది విమానాలన్నీ ఉన్నట్టుండి ఉత్త చుక్కలైపోయాయి. ఏది ఏదో, ఎటు పోతోందో తెలియలేదు. మా వాళ్ళు దాన్ని 'పిక్చర్ పోవడం' అంటారు. పక్క సీటాయన మైకు లాక్కుని సర్దేశాడు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత మైకు పట్టుకుంటే నా చెయ్యి వణికేది. ఆఫీసు బల్ల దగ్గరికి పారిపోయాను. ఈ ముక్క ఒప్పుకుంటే గాని అసలు తప్పు మీకు అర్థం కాదు.

ఇప్పుడు సువార్త. మాది ఒకే బ్యాచి. శిక్షణలో ఒకే గది. తనది నరసాపురం దగ్గర, నాది తెనాలి. వాళ్ళ ఇంట్లో అందరూ నర్సులే, ఇది ఒక్కతే ఆకాశం వైపు చూసింది. ఢిల్లీ చుట్టుపక్కలే ఒక చిన్న విమానాశ్రయంలో పనిచేసేది. జనక్‌పురిలో ఇల్లు, భర్త ఆసుపత్రిలో నర్సు. ఒక్కతే కూతురు. ఆ పిల్లకు చెవులు వినిపించవు. పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్పే బడి ఇక్కడే ఉంది, దాని కోసం ఢిల్లీ విడిచి ఎక్కడికీ కదిలేది కాదు. సువార్త టవర్ లెక్క గీత మీద నిలబడ్డప్పుడు చూసి రావడానికి నన్ను వెయ్యడం ఏ పూర్వజన్మ కర్మమో. స్నేహితురాలని చెప్పి తప్పుకోవలసింది. తప్పుకోలేదు. అది పనిచేస్తుంటే చూడాలనిపించింది. ఎందుకనిపించింది? ఏమో. నాలాగే దాని చెయ్యి కూడా ఎక్కడో ఒకచోట వణుకుతుందని ఆశపడ్డానేమో.

మే నెల మధ్యాహ్నం. నాతో లెక్కల విభాగం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మంచివాడే, విమానం అంటే టికెట్టు తప్ప ఏమీ తెలియనివాడు. మేమిద్దరం వెనక కుర్చీల్లో కూర్చున్నాం. సువార్త హెడ్‌సెట్ పెట్టుకుంది. ఫ్లయింగ్ స్కూలు పిల్లల చిన్న విమానాలు చుట్టూ తిరుగుతున్నాయి. వాలి, చక్రాలు ఆనించి, మళ్ళీ లేస్తున్నాయి. ఒక హెలికాప్టర్ వస్తోంది. దూరం నుంచి ఒక ప్రైవేటు జెట్ వస్తోంది. కింద ఇంకొకటి ఎగరడానికి సిద్ధంగా ఉంది.

సువార్త ఒక్కసారి పడమటి వైపు తల తిప్పింది. నేనూ చూశాను. అంచున మట్టిరంగు గీత, అంతే. వాతావరణ శాఖ నుంచి ఇంకా హెచ్చరిక కూడా రాలేదు. సువార్త మాత్రం వెంటనే పనిలో పడింది. ఎగరబోతున్న దాన్ని వెనక్కి పొమ్మంది. హెలికాప్టర్‌ను ఓ పక్కన ఆగమంది. దూరాన ఉన్న జెట్‌ను అప్పుడే వేగం తగ్గించుకోమంది. ఎందుకో నాకు అర్థం కాలేదు, ముందు బోలెడు దారి ఉంది కదా అనుకున్నాను. తర్వాత చిన్న విమానాలను ఒక్కొక్కటిగా దింపడం మొదలుపెట్టింది. ఆ గొంతు వినాలి మీరు. ఇంకాస్త పప్పు వేసుకోండి అన్నంత మామూలుగా ఉంది.

చివరి చిన్న విమానంలో ఒక్కర్తే ఉన్న అమ్మాయి. ఒంటరిగా ఎగరడం అదే మొదటిసారట. ఎక్కువ ఎత్తులో వచ్చేసింది, దిగలేకపోయింది. రేడియోలో గొంతు వణికింది. ఆ వణుకు నాకు తెలుసు. సువార్త అంతవరకూ పద్ధతిగా ఇంగ్లీషులో మాట్లాడుతున్నదల్లా, "బేటా, ఆరామ్ సే. ఏక్ ఔర్ చక్కర్ లగా లో. మై దేఖ్ రహీ హూఁ" అంది. నింపాదిగా ఇంకో చుట్టు తిరిగి రా, నేను చూస్తూనే ఉన్నానని. ఆ పిల్ల ఇంకో చుట్టు తిరిగింది. తిరగడానికి ఖాళీ ఉంది. జెట్ ఇంకా వెనకే ఉంది కదా.

అప్పుడు వెలిగింది నాకు. ఆ ఖాళీ ఊరికే రాలేదు. ఈ పిల్ల మొదటిసారి దిగలేకపోవచ్చని, ఇంకో చుట్టు అవసరం పడవచ్చని ఎప్పుడో అనుకుని, దాని కోసం ఆకాశంలో అంత చోటు ముందే తీసి పెట్టింది. నా ఒళ్ళు జలదరించింది. నిజం చెబుతున్నాను, గుడిలో కూడా నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు. చేతులు వాటంతటవే ఒళ్ళో ముడుచుకున్నాయి. అమ్మాయి దిగింది. జెట్ దిగింది. హెలికాప్టర్ దిగింది. ఆ తర్వాత వచ్చింది దుమ్ము తుఫాను, పడమట కనబడిన మట్టిరంగు గీత అదే. టవర్ అద్దాలు దడదడలాడాయి, రన్‌వే కనబడకుండా పోయింది. ఆకాశంలో మాత్రం ఒక్కటంటే ఒక్క విమానం లేదు. సువార్త సీసా తీసుకుని నీళ్ళు తాగింది.

రద్దీ గంటలో సగం ఖాళీగానే గడిచింది. మంచి కంట్రోలర్ పని ఇదే, చూసేవాడికి ఏమీ జరిగినట్టు ఉండదు. ఆ సంగతి ఆ గదిలో దానికి తెలుసు, నాకు తెలుసు.

డ్యూటీ దిగి టీ కప్పులు పట్టుకొచ్చింది. "ఎలా చేశానే? ఏమైనా తప్పులు దొర్లాయా?" అంది.

"బానే ఉంది" అన్నాను.

"బానే అంటే?"

"బానే అంటే బానే. టీ చల్లారిపోతోంది, తాగు."

నా మొహంలోకి చూసింది. ఒక్క మాట కోసం చూసింది, నాకు తెలుసు. ఆ మాట నా నాలుక చివరే ఉంది. ఇవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో, కారు వసంత్ కుంజ్ దాటుతుండగా, పెద్దమనిషి ఫోన్లోంచి తలెత్తి, "మేడమ్, వహాఁ తో కుఛ్ హువా హీ నహీఁ" అని, అంటే అక్కడేమీ జరగనే లేదని, "తేలిక పని అని రాసేద్దామా?" అన్నాడు. ఆయన తప్పేముంది, ఆయనకు కనబడింది ఆయన అన్నాడు. నన్ను పంపిందే ఆయనకు కనబడనిది చెప్పడానికి. నేను కిటికీలోంచి చూస్తూ "ఠీక్ హై" అన్నాను.

ఎందుకన్నాను? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. పైనుంచి ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. నాకు లాభమూ లేదు. అసూయ అంటే సరిపోతుందా? సరిపోదేమో. అంత గొప్పతనాన్ని అంత దగ్గరగా చూసేసరికి నేను పారిపోయి వచ్చిన చోటు ఎంత ఎత్తుదో మొదటిసారి తెలిసింది. అక్కడ పెద్ద కష్టమేమీ లేదని కాగితం మీద ఉంటే, నేను పారిపోవడం కూడా పెద్ద విషయం కాకుండా పోతుందనుకున్నాను కాబోలు. అసలు ఇంత ఆలోచించి చేశానా? లేదు. రెండు ముక్కలు అనేశాను, మర్నాడు సంతకం పెట్టేశాను. ఆలోచనంతా తర్వాత వచ్చింది.

టవర్ ఒక గ్రేడ్ కిందికి జారింది, మేమేం రాశామో అక్కడివాళ్ళకు చూపరు. అక్కడివాళ్ళందరి జీతాలకూ కోత పడింది. పోస్టులు తగ్గాయి, సీనియర్ కాబట్టి సువార్తను దూరప్రాంతానికి వేశారు. కూతురి బడి విడిచి వెళ్ళలేక మైకు వదిలేసింది. ఇక్కడే ఏదో ఒక బల్ల ఇవ్వమని అర్జీ పెట్టుకుంది. ఇచ్చారు. ఎక్కడనుకున్నారు? మా ఆఫీసు హాల్లోనే. వాహనాల పాసుల మీద ముద్రలు వేస్తుంది. కొంతకాలం మైకు పట్టకపోతే కంట్రోలర్ అర్హత చెల్లిపోతుంది, దానిది ఎప్పుడో చెల్లిపోయింది. రోజూ ఇద్దరం కలిసే భోంచేస్తాం. నా గోంగూర దానికిష్టం. ఇన్నేళ్ళుగా దాని ఎదురుగా కూర్చుని అన్నం ఎలా మింగుతున్నానని అడుగుతారేమో. మింగుతున్నాను. మనిషి దేనికైనా అలవాటు పడతాడన్న మాట నిజం కాదు, రోజూ గొంతులో అడ్డం పడుతూనే ఉంటుంది.

ఇది దాచుకుని ఇలాగే పోదామనుకున్నాను. మొన్న చలికి ఆఫీసు బయట ఎండలో కూర్చుని ఉన్నాం. నెత్తిమీద నుంచి ఒక విమానం దిగుతోంది. సువార్త ఒక్కసారి పైకి చూసి, "ఈయన కాస్త పైనున్నాడే. దిగడు, మళ్ళీ తిరిగొస్తాడు" అని కమలాపండు ఒలుచుకుంటూ కూర్చుంది. కాసేపటికి ఇంజన్ల మోత పెరిగింది. విమానం దిగకుండా పైకి లేచి పోయింది. సువార్త తలైనా ఎత్తలేదు. నేను ఆ విమానాన్నీ దాన్నీ మార్చి మార్చి చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఇంత విద్యను పాసుల బల్ల దగ్గర కూర్చోబెట్టానే అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు టవర్‌లో ఉండవలసినదానివే" అన్నాను. అంతకంటే ధైర్యం రాలేదు.

"ఊరుకోవే. ఆ రోజు నేనే ఎక్కడో తప్పు చేశాను. నా వల్లే గ్రేడ్ పోయింది. పాపం నువ్వు నా మొహం మీద చెప్పలేక 'బానే ఉంది' అన్నావు. నాకు అప్పుడే తెలిసిపోయింది" అంది. అని, పండులో సగం నా చేతిలో పెట్టింది.

తిన్నాను.

టవర్‌లో ఉద్యోగం పోగొట్టానని తెలుసు, జీతం తగ్గించానని తెలుసు. ఇది తెలియదు. తన చేతి మీద తనకున్న నమ్మకాన్ని కూడా నేనే తీసేశాను. ఇన్నేళ్ళూ ఆ గంటను తలచుకుని, లేని తప్పు కోసం వెతుక్కుంటూ ఉందన్నమాట. పైగా చెప్పనందుకు నన్ను మంచిదాన్ననుకుంటోంది.

దాని ముందు నోరు పెగులుతుందో లేదో తెలియదు. పెగిలినా అది క్షమిస్తుందని అనుకోను, క్షమించమని అడిగే మొహమూ లేదు. కానీ నాలోంచి బయటికి రావలసిన మాట ఒకటుంది. ముందు మీ దగ్గర అంటాను, మీ దగ్గర అనగలిగితే రేపు దాని దగ్గర అనగలనేమో. సువార్తా, ఆ రోజు నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. అంత గొప్ప పని నా జన్మలో చూడలేదు. చూసి కూడా చెప్పనిది నేను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.