మాట్లాడినాకే అన్నం

మా వీధి అత్త పోయింది. సోమవారం తెల్లారి, చేతిలో టీ గ్లాసుతోనే అరుగు మీద ఒరిగిపోయింది. ఆమె కొడుకు వచ్చి మా తలుపు కొట్టి, "వదినా, అమ్మ పలకతాండ్లేదు," అన్నాడు.

నాకూ ఆమెకూ రక్తసంబంధం లేదు. బేతంచెర్ల దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ అత్తా అని పిలిచాను, సొంత అత్తను పిలిచినదానికంటే ఎక్కువసార్లే. డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఊపిరితిత్తులని ఊరందరికీ తెలుసు. వయసులో ఉన్నన్నాళ్లూ ఆమె నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో బండలు మోసింది. ఆ తెల్ల దుమ్ము లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి దగ్గేది. దగ్గు తగ్గాక, "యాడికొచ్చినా?" అని మమ్మల్నే అడిగి, అక్కడి నుంచి అందుకునేది.

ఆదివారం గనులకు సెలవు. ఆ సాయంత్రం ఆమె ఇంటి ముందు ఊరు కూడేది. కుర్చీలుండవు. అంచు విరిగి ఎవరూ కొనని నాపబండ ఒకటి ఎవరిది వాళ్లే మోసుకొచ్చి అక్కడ వేసుకోవాలి. కుర్చీలేస్తే పెద్దమనుషులు ముందు వరసలో చేరతారని ఆమె భయం. ఎవరైనా రాకపోతే వాళ్ల బండ ఖాళీగా కనబడేది. మరుసటి పొద్దున అత్త ఆ ఇంటి ముందు నిలబడి, "నీ బండ నిన్ను అడిగిందప్పా," అని చెప్పి వచ్చేసేది. పై ఆదివారం రాక చస్తాడా!

వచ్చిన ప్రతి మనిషీ లేచి నిలబడి ఒక్క మాటైనా చెప్పాలి. మొదటిసారి నేను తల వంచుకుని, వీధి లైటు వెలగడం లేదని గొణిగాను.

"ఏం కోడలా, నోట్లో ముద్ద ఉండాదా? మింగి చెప్పు!"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె వదల్లేదు. "ఈడ మనోళ్ల ముందరే నోరు లేవకపోతే, రేపు ఆఫీసరు ముందర యాడ లేస్తాదే?" అని మళ్లీ మళ్లీ చెప్పించింది. పంచాయతీ ఆఫీసుకు కూడా నన్నే తోలింది. లైటు వచ్చింది. ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు గర్వమే.

అసలు కష్టం ఊరి పక్కన పారే వంక దగ్గర మొదలైంది. మా తాగునీటి బోరు వంక పక్కనే ఉంది. అక్కడే కొత్త పాలిష్ ఫ్యాక్టరీ పెడతామని, జనం మాట వినడానికి అధికారులు వస్తారని కబురొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే తెల్ల బురద వంకలో పోస్తే బోరు గతేమిటి? ఎవరు ఏం మాట్లాడాలో అత్త ఆదివారాల్లో అందరి చేతా చెప్పించింది. ఆ రోజుకు నేను కాన్పుకని మైదుకూరులో పుట్టింట్లో ఉన్నాను. జరిగింది తర్వాత ఆమే చెప్పింది.

షామియానా, మైకు, వెనక పరదా చాటున బిర్యానీ. సభ మొదలవుతుండగా ఫ్యాక్టరీ మనుషులు వరస వరసకూ వచ్చి చేతులు జోడించారట. "అన్నం చల్లారిపోతాదప్పా, ముందు తినండి. తిన్నాక మాట్లాడొచ్చు." మా సీమలో చేతులు జోడించి అన్నానికి పిలిస్తే కాదనడం పెద్ద అవమానం. మా వాళ్లు ఆశకు పోలేదు, మర్యాదకు పోయారు. నేనున్నా పోయేదాన్నేమో. మైకు ముందు అత్త ఒక్కతే మిగిలింది. దగ్గు మధ్యే ఆమె చెప్పాల్సింది చెప్పింది. ఇంకెవరైనా ఉన్నారా అని అధికారి అడిగితే పలికిన వాళ్లు లేరు. చేతులు కడుక్కుని వచ్చేసరికి జీపులు వెళ్లిపోయాయి.

ఫ్యాక్టరీ వచ్చింది. బురద వంకలోకే వచ్చింది. బిందెలో నీళ్లు తేరుకుంటే అడుగున తెల్లగా పేరుకునేది.

తర్వాతి ఆదివారం బండలన్నీ ఖాళీ. సిగ్గుతో ఎవరూ రాలేదు. అత్త ఇల్లిల్లూ తిరిగింది. "తింటిరి, దానికేముండాది? పిలిస్తే పోకుండా ఉంటారా? ఈసారి మాట్లాడినాక తిందాం. అంతే కదప్పా." ఒక్కరినీ తిట్టలేదు. నాకు మాత్రం ఆ చేతులు జోడించిన వాళ్ల మీద కోపం ఈ రోజుకీ పోలేదు. మర్యాద తెలిసిన వాళ్లను మర్యాదతోనే కొట్టారు, పాపిష్టి వాళ్లు.

ఆమె కొడుక్కి కూలి ఆ ఫ్యాక్టరీలోనే. మీ అమ్మకు చెప్పి నోరు మూయించుకో అని అక్కడివాళ్లు వాణ్ని బెదిరించేవారు. "ఫ్యాక్టరీ మూయమని నేనంటినా? బురద వంకలో పోయొద్దంటాండా," అనేది అత్త. వాడు మాత్రం ఆదివారాలు గడప దాటి వచ్చేవాడు కాదు.

చివరికి వంక సంగతి గ్రామసభలో పెట్టడానికి పంచాయతీవాళ్లు ఒప్పుకున్నారు. ఆ రోజు కోసమే ఆమె ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఈలోపే పోయింది. గ్రామసభ, ఆమె దినం ఒకే రోజు పడ్డాయి.

వంటలయ్యాయి. ఆమె బండ మీద ఫొటో పెట్టి, ముందు ఇస్తరాకు వేసి, ఆమెకిష్టమైన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టాం. జనం భోజనానికి కూర్చోబోతుంటే కొడుకు లేచాడు. "ముందు పోయి మాట్లాడొద్దాం. అమ్మ అన్నం యాడికీ పోదు." దినం రోజు తినకుండా లేవడం మంచిది కాదని పెద్దవాళ్లు తటపటాయించారు. తర్వాత ఒక్కొక్కరే లేచారు.

ఆ రోజు అందరూ మాట్లాడారు, నిలబడి. ఆఖరున కొడుకు, "నేను ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తాండా. బురద తోలే లారీకి నేనే దోవ చూపిస్తాండా," అన్నాడు. అధికారి రాసుకుని, చూస్తామన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నారు. కొడుకును మాత్రం మరుసటి రోజే పనిలోంచి తీసేశారు.

గ్రామసభ నుంచి ఆ మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అన్నం చల్లారింది. మేము లేనప్పుడు లారీలు పోయినట్టున్నాయి. అత్తకు పెట్టిన రొట్టె మీద తెల్లగా దుమ్ము. కొడుకు ఆ ఆకు తీసేసి, వేరే ఆకు వేసి, మళ్లీ వడ్డించాడు. అంతలోనే ఇంకో లారీ వంక వైపు మలుపు తిరిగింది. వాడు రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి, లారీ పోయేదాకా అట్లాగే వంగి ఉన్నాడు.