స్వామి అట్ట వేసిన నవల

మా చిన్నప్పుడు అమ్మ వారపత్రికలోని సీరియల్ పేజీలు చించి దాచుకునేది... అన్నీ చేరినాక దబ్బనంతో కుట్టి, మైదా గంజి పూసి, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసేది.

వడమాలపేటలో మా ఇంటి సంగతి ఇది. మా అవ్వకు, అంటే నాయనమ్మకు, నవలలంటే ఒళ్లుమంట. అవి చదివితే కాపురాలు నిలవవని ఆమె నమ్మకం. ఒక సీరియల్ పేరేమో 'కమల గడప దాటింది'! ఆ పేరు చూస్తే అవ్వ పొయ్యిలో పెట్టేస్తాది. అందుకని అమ్మ స్వామి బొమ్మ ఉండే క్యాలెండర్‌తో అట్ట వేసి, పైన 'కలియుగ పుణ్యకథ' అని గుండ్రంగా రాసింది.

అవ్వ అది చూసి మురిసిపోయింది. "నాకు సన్న అచ్చరాలు ఆనవు గదే, నువ్వు చదువు, నేనూ ఇంటా" అనింది. అప్పుడు అమ్మ మొహం చూడాల!

ఇంకేముంది... రోజూ మధ్యాహ్నం దీపం పెట్టి, అక్షింతలు చేత పట్టుకుని కూర్చునేది అవ్వ. కథ అయినాక నెత్తిన వేసుకోవాల గదా! అప్పటికప్పుడు దేవుడి కథ అల్లడం అమ్మకు చేతకాక, ఉన్నది ఉన్నట్టే చదివేసింది.

కమలను మొగుడు తాగొచ్చి కొడతాడు. బిడ్డనెత్తుకుని ఇల్లు విడిచి, కుట్టుమిషన్ తొక్కి బతుకుతాది. మామూలుగా అయితే "బరితెగించింది" అని అవ్వ లేచిపోయేదే. పుణ్యకథ గదా... "పాపం, స్వామి ఎంత పరీక్ష పెడతా ఉండాడో సూడు" అని కండ్లు తుడుచుకునేది.

పక్కనే మా రాజత్త, నాయన చెల్లెలు, చింతపండు గింజలు తీస్తా వినేది. ఆమెదీ అదే గతి. మొగుడి దెబ్బలు తాళలేక పుట్టింటికి వచ్చేసింది. అవ్వేమో "సర్దుకోని పోవాలమ్మా" అని ఒకటే పోరు. శుక్రవారం పుత్తూరు నుంచి అత్తగారోళ్లు పిలుచుకుపోను వస్తామన్నారు. పెట్టె కూడా సర్దేసింది అవ్వ.

ముందురోజే కథ అయిపోయింది. మొగుడొచ్చి రమ్మంటాడు, కమల రానని తలుపేసుకుంటాది. అంతే.

"అయిపోయిందా? స్వామి రాలేదే!" అనింది అవ్వ.

అమ్మ పుస్తకం మూసేసింది. రాజత్తే నిదానంగా చెప్పింది... "రాలేదమ్మా. ఆయమ్మే తలుపేసుకునింది."

అవ్వ పిడికిట్లో అక్షింతలు చూసుకునింది. "అంత ధైర్యం స్వామి ఇయ్యకుండా యాడ్నించి వస్తాదే..." అంటా లేచి, అన్నీ రాజత్త నెత్తిన వేసింది.

మరుసటి రోజు పుత్తూరోళ్లు వస్తే గడపలోనే నిలబడి, "మజ్జిగ తాగి పోండప్పా, మా పిల్ల మాత్రం రాదు" అనేసింది.

అట్ట మీద అసలు పేరే ఉండుంటే? సర్దిన పెట్టె ఎత్తుకుని రాజత్త వాళ్లెంట పోయుండేదే.

ఇప్పుడు ఫోన్లో కథ పేరు చూస్తానే, మనకు పడదని పక్కకు తోసేస్తా ఉండాం... మనది కాదనుకున్న కథ కోసం అట్లా కూర్చునే ఓపిక యాడుండాది? మీ ఇండ్లల్లో పేరు చూసి ఒకటనుకుని, ఇంకొకటి విన్న కథ ఏదన్నా ఉంటే చెప్పండి.

మా పుస్తకం రాజత్త దగ్గరే ఉండాది, ఆమె కుట్టుమిషన్ పక్కన. "దీనికి అసలు పేరు రాసి కొత్త అట్ట వేద్దామా అత్తా?" అని మొన్న అడిగినాను.

ఆమె పుస్తకం కండ్లకద్దుకుని, "వద్దు, అసలు పేరు ఇదే" అనింది.