మాస్టారి కారు తాళాలు

మా ఎదురింటి పెద్దాయనను, అమెరికాలో షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో, మా వీధి తెలుగువాళ్ళమంతా మాస్టారనే పిలిచేవాళ్ళం. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. లోహశాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఓ ఉక్కు కంపెనీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ తరవాత పెట్టుకున్న పని ఒక్కటే, కొత్తగా వచ్చినవాళ్ళకు కారు నడపడం నేర్పడం. మొగుడు ఆఫీసుకు వెళ్ళాక కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్న ఆడవాళ్ళను ఎందరినో రోడ్డు మీదికి తెచ్చింది ఆయనే. అందులో నేనూ ఉన్నాను.

మా నాన్నది నరసరావుపేటలో బట్టల కొట్టు. పక్కది బాబాయి స్టీలు సామాన్ల కొట్టు, ఎదురుగా మేనమామ ఫ్యాన్సీ షాపు. నాకు మాటలు వచ్చింది గల్లాపెట్టె పక్కన. అందుకే మొదటిరోజే ఫీజు ఎంతని అడిగాను. "ఏమీ వద్దమ్మా" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఊరికే ఇస్తానంటే సరుకులో లోపం ఉందనే మా ఇంట్లో అందరి లెక్క. రెండు వారాలు ఆ లోపం కోసం వెతికాను.

వెతకాల్సిన పనేమీ లేకపోయింది. మొదటి రెండు పాఠాలకు ఆయన కారు స్టార్ట్ చెయ్యనివ్వలేదు. స్టీరింగ్ ముందు కూర్చుని కనిపించినవన్నీ పైకి చెప్పాలి. "కుక్క. చెత్తడబ్బా. ఎర్ర కోటు వేసుకున్నావిడ. ఇంకో కుక్క." నలభై నిమిషాలు. "ఇంజను ఎక్కడికీ పోదమ్మా, ముందు కళ్ళు స్టార్ట్ చెయ్" అనేవారు. ఆయన నడిపేటప్పుడు ఇండికేటర్ వేసి కూడా చెయ్యి బయటపెట్టి చూపించేవారు. జనవరిలో కూడా అద్దం దించేవారు. పక్కన కూర్చున్న నా ఒళ్ళో మంచు పడేది. ఎవరి కారునైనా దాటితే, వాళ్ళకు వినపడదని తెలిసినా, "ఎక్స్‌క్యూజ్ మీ, సర్" అని మెల్లగా అనేవారు.

శనివారాలు ఇద్దరం గరాజ్ సేల్స్‌కి వెళ్ళేవాళ్ళం. జనం ఇంట్లో అక్కర్లేని సామాను వాకిట్లో పెట్టి అమ్ముకునేవి. నాకది పుట్టింటికి వెళ్ళినట్టుండేది. ఓసారి పది డాలర్ల టేబుల్ ల్యాంపును అరగంట పోట్లాడి నాలుగుకి దింపాను. మాస్టారు పర్సు తీసి, అమ్మే ఆవిడ చేతిలో పది పెట్టారు.

"మాస్టారూ, అరగంట కష్టపడ్డానండీ."

"కాదన్నానా. ల్యాంపు బావుందమ్మా, పదికి తక్కువేం కాదు."

కారెక్కాక పావుగంట ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు. ల్యాంపును ఒళ్ళో పెట్టుకుని దాని ఇత్తడి గురించి చెబుతూనే ఉన్నారు.

ఏళ్ళు గడిచాయి, నాకూ ఉద్యోగం వచ్చింది. ఆయన భార్య పోయిన ఆరేళ్ళకు, ఒక మధ్యాహ్నం ఇద్దరం కూరగాయలకు వెళ్తున్నాం. ఆయనే నడుపుతున్నారు. ఎర్రలైటు దగ్గర ఆగాం. పచ్చలైటు వచ్చింది. ఆయన కదల్లేదు. వెనక హారన్ కొట్టారు. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ముందుకు చూస్తూ, అలాగే కూర్చున్నారు. మళ్ళీ ఎర్రలైటు వచ్చింది. అప్పుడు కారు కొంచెం ముందుకు దూకింది. "మాస్టారూ" అన్నాను. బ్రేక్ వేశారు.

ఈ విషయం రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. తరవాత కాలిఫోర్నియాలో ఉన్న వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి పుట్టింది ఇక్కడే.

"అక్కా, కీస్ తీసేసుకోవాలి. నేను అడిగితే నాన్న ఫోన్ పెట్టేస్తాడు. మీరు అడగండి ప్లీజ్. మీ కార్ కొన్నప్పుడు బేరమాడి సేల్స్‌మన్‌ని క్రై చేయించారు కదా."

"ఏడవలేదమ్మా. టిష్యూ అడిగాడంతే."

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమే కాదు, లోపల కొంచెం ఉత్సాహపడ్డాను కూడా. ఇది నాకు తెలిసిన పని. ముందు కారు మొత్తంగా వదిలెయ్యమని అడగాలి. ఆయన ససేమిరా అంటారు. హైవే ఎక్కొద్దు, మంచులో వద్దు, చీకట్లో వద్దు అని కాస్త కాస్త దిగాలి. చివరికి పట్టపగలు, లైబ్రరీకి, కూరగాయల కొట్టుకి, పక్కసీట్లో నేనుండగా మాత్రమే అన్నచోట బేరం తెగాలి. నాకు కావలసింది అదే. ఆయనకు కారు ఉంటుంది, నాకు భయం తగ్గుతుంది. తిని ఉన్న మనిషితో బేరం సులువని దిబ్బరొట్టె చేసి పట్టుకెళ్ళాను.

రొట్టె తిన్నారు. కాఫీ తాగారు. వాతావరణం మాట్లాడాం. మోకాలి నొప్పి మాట్లాడాం. ఇక ఆలస్యం చేస్తే అడగలేననిపించింది.

"మాస్టారూ, కారు తాళాలు నాకిచ్చెయ్యండి. ఇక మీరు నడపొద్దు."

ఆయన కప్పు కింద పెట్టారు. లోపలికెళ్ళారు. బీరువా తలుపు చప్పుడు వినపడింది. రెండు జతలు తెచ్చి, రొట్టె గిన్నె పక్కన పెట్టారు.

"స్పేర్ కూడా ఉందమ్మా. ఇంకేమైనా ఇవ్వాలా?"

చెప్పిన ధరకే మాట్లాడకుండా డబ్బు తీసిచ్చిన మనిషిని మా నాన్న గుమ్మం దాటేదాకా చూస్తూ నిలబడేవాడు. ఆ మొహంతో నేనా తాళాల వైపు చూశాను.

"అసలే నడపొద్దని కాదండీ. పగటిపూట, దగ్గరదగ్గరకి అయితే..."

"అడిగావు, ఇచ్చాను. మళ్ళీ తగ్గిస్తావేంటమ్మా." నవ్వారు. కిటికీ వైపు చూస్తూ అన్నారు. "ఆరోజు లైటు దగ్గర నువ్వు చూశావు కదా. ఏ రంగుకి వెళ్ళాలో నాకు గుర్తు రాలేదు. పక్కన నువ్వున్నావు. నిన్ను అడగడానికి సిగ్గేసింది."

గిన్నె కడిగి, తాళాలు కోటు జేబులో వేసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. ఇచ్చేశారని చెప్పాను.

"అంత ఈజీగానా?" అంది. గొంతు సన్నబడింది. తండ్రి మతిమరుపు ఎంతవరకు వచ్చిందో ఆ అమ్మాయికి అర్థమవుతోందని తెలిసింది.

"ఈజీయా? రెండుసార్లు లేచి వెళ్ళిపోయారు. నేనే బతిమాలి కూర్చోబెట్టాను."

అటువైపు ఊపిరి వదిలింది. "దట్స్ మై డాడ్" అని నవ్వింది.

తరవాత పద్నాలుగు నెలలు ఆయనను నేనే తిప్పాను. గొప్పగా తిప్పానని చెప్పను. ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకముందే మళ్ళీ కారెక్కడం. ఆయన పక్కసీట్లో కూర్చుని ప్రతి మలుపుకీ కుడికాలు కింద నొక్కడం. నాకు విసుగొచ్చేది. ఆయనకు తెలిసేది. మొదట వారానికి రెండుసార్లు లైబ్రరీ అన్నారు, తరవాత ఒకసారి, తరవాత "ఈ వారం పనేం లేదమ్మా" అనడం మొదలుపెట్టారు. గడువు దాటిన పుస్తకాలు, వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా, సోఫా పక్కన నాకు కనబడుతూనే ఉండేవి. అయినా "సరే మాస్టారూ" అని ఫోన్ పెట్టేసేదాన్ని. ఆయన తగ్గించిన ప్రతిసారీ పుచ్చుకున్నాను. పైకి ఒక్కసారీ పెంచలేదు. కారు ఆయన గరాజ్‌లోనే ఉంది, బ్యాటరీ చచ్చిపోయింది. తాళాలు మా వంటింటి సొరుగులో. వాటి గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

చలి తగ్గేవేళ న్యుమోనియా వచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు.

పదకొండో రోజున వాళ్ళింట్లో అందరం కలిశాం. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే ముప్ఫైమంది దాకా వచ్చారు. వీధంతా వరసగా, గీతకి సరిగ్గా, కార్లు ఆపారు. తినడాలయ్యాక అమ్మాయి లేచి తండ్రి గురించి చెప్పింది. తాళాలడిగితే ఆయన రెండుసార్లు లేచి వెళ్ళిపోయిన సంగతి చెప్పింది. అందరూ నవ్వారు. మాస్టారు మాస్టారే అన్నారెవరో. నా పక్కన ప్లేటు పట్టుకుని నిలబడ్డ ఒకావిడ మోచేత్తో పొడిచింది.

"నువ్వే కదా అడిగింది. లేచి వెళ్తూ ఏమన్నారు?"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మాయి కూడా చూస్తోంది. మొహంలో ఇంకా నవ్వుంది.

"ఏమంటారు. 'నా కారు, నా ఇష్టం, నువ్వెవరు' అన్నారు."

గది మళ్ళీ నవ్వింది. నేను టీ గ్లాసులు తియ్యడానికి వంగాను. నడుం పట్టేసింది. ఆ మాట ఆయన నిజంగా ఒక్కసారి అని ఉంటే నేను బేరంలో దిగివచ్చేదాన్ని.