పెడన చిలకకు పర్షియా చీటీ

ఆ పాత బంగళాలో నేను అరిచిన అరుపుకు గాజుబల్లలు గజగజలాడాయి, గోడగడియారం ఆగిపోయింది. ఈ పరాయి దేశంలో మేముండే హారిసన్ పేటలో పొద్దున నడకకు వచ్చే మిత్రులకు ఇలాగే చెప్పాను. నిజానికి ఆ గడియారం నేను వెళ్ళకముందే ఆగి ఉంది. నేను అరవనూ లేదు. నెమ్మదిగా, "దిస్ ఈజ్ రాంగ్" అన్నాను. అక్కడ కూర్చుని ప్రదర్శన చూసుకునే పెద్దావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చెప్పమంది.

కోపం మాత్రం అబద్ధం కాదు. రెండు నెలలైనా తగ్గలేదు.

మా మనవరాలు యూనివర్సిటీలో ఇంటీరియర్ డిజైన్ చదువుతోంది. అసైన్‌మెంట్ కోసం ఆ బంగళా చూడాలంటే తోడు వెళ్ళాను. గంటన్నర ప్రయాణం, దారి పొడుగునా గొర్రెలు. ఆ ఊరి పెద్దలు కొందరు చేరి, శిథిలమైన ఇంటిని బాగుచేసి ప్రదర్శనశాలగా నడుపుతున్నారు. అందులో ముందు గదిని వందేళ్ళు దాటిన ఒక పత్రికలోని ఫోటో చూసి, కుర్చీకి కుర్చీ, దీపానికి దీపం పెట్టి అమర్చారు. ఆ పత్రికను అదే పేజీ దగ్గర తెరిచి గాజుబల్లలో ఉంచారు. మిగతా పేజీల నకళ్ళు పక్కన బల్ల మీద ఉన్నాయి.

అవి తిరగేస్తుంటే మొదట ముచ్చటేసింది. ఒక పేజీలో నూనెరంగుల బొమ్మలు, ఒక పేజీలో చిన్న ఇంటి నమూనా, ఎండ ఏ కిటికీలో పడాలో కూడా గీసి ఉంది. ఇళ్ళు కట్టేవాళ్ళను, బొమ్మలు గీసేవాళ్ళను ఆ కాలంలో ఎంత గౌరవించారో అనుకున్నాను. గాజుబల్లలోని ఆ గది ఫోటో కింద ప్రతిదానికీ పేరుంది. కుర్చీ గీసినవాడి పేరు, పొయ్యి చుట్టూ పలకలు కాల్చినవాడి పేరు, గోడకాగితం మీద ఆకులు వేసినావిడ పేరు, చివరికి తలుపు పిడి పోతపోసిన కంపెనీ పేరు. ఫోటోలో కిటికీ పక్కన నేలదాకా వేలాడుతున్న తెరకు మాత్రం రెండే ముక్కలు: పర్షియన్ తెర. గాజుబల్ల పక్కన వీళ్ళు పెట్టిన కార్డులోనూ అదే.

ఆ అంచు నాకు తెలుసు. వంగి వంగి చూశాను గాని, కళ్ళద్దాలకు అందలేదు.

"అమ్మడూ, ఆ తెర మీది పిట్టను నీ ఫోన్లో పెద్దది చేసి చూపించు" అన్నాను.

"వై, తాతయ్యా?"

"చూపించవే."

ఫోటో తీసి వేళ్ళతో సాగదీసింది. "ఇట్స్ అ పారట్. హా, ఫన్నీ. హీ ఓన్లీ హ్యాజ్ వన్ లెగ్."

కుడికాలు లేని చిలక. బందరు పక్కన మేం పుట్టిన పెడనలో దాన్ని కుంటిచిలక అద్దకం అనేవాళ్ళు. ఎప్పుడో, ఎవరి తాతల నాడో, టేకు అచ్చులో చిలక కాలు విరిగింది. అచ్చు అరిగినప్పుడల్లా దాని ముద్రను కాగితం మీద తీసి, కొత్త చెక్కకు అంటించి, ఆ గీతల మీదే చెక్కేవారు. పాత అచ్చులో ఏముంటే కొత్త అచ్చులో అదే. కాలు లేకపోతే లేదు.

పర్షియా వాళ్ళ మీద నాకు పగ లేదు. మా బందరు అద్దకాలు ఓడలెక్కి అక్కడికి పోయేవని, వాళ్ళకు నచ్చే పూలూ తీగలూ మా వాళ్ళు చెక్కేవారని విన్నవాణ్ణే. అంతమాత్రాన కొనుక్కున్నవాడే చేసినవాడైపోతాడా? మా ఇంట్లో పెసరట్టు తిన్నవాళ్ళంతా వంటవాళ్ళే కావాలి మరి.

"తాతయ్యా, ప్లీజ్. ఇట్స్ జస్ట్ అ క్యాప్షన్."

"నీ అసైన్‌మెంట్ మీద పక్కమ్మాయి పేరు రాస్తే జస్ట్ అ నేమ్ అనుకుంటావా?"

"దట్స్ డిఫరెంట్."

"ఎట్లా డిఫరెంటో చెప్పు."

నన్ను మరిపించడానికి అమ్మకాల బల్ల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఇంకో ఘోరం. అదే చిలకను గిన్నెలు తుడుచుకునే గుడ్డల మీద అచ్చేసి పెట్టారు. రెండు కాళ్ళతో. పాపం, చిలకను బాగుచేశారు.

అప్పుడే నేను పెద్దావిడ దగ్గరికి వెళ్ళి అరవని అరుపు అరిచింది. ఆవిడ మంచి మనిషి. అదే చిక్కు, చెడ్డవాళ్ళ మీదైతే కోపం తేలిగ్గా దిగిపోతుంది. నేను చెప్పిందంతా విని, కార్డులో చేసినవారి పేరుకు ఒక గడి ఉంటుందని, ఏదైనా పేరుంటే కమిటీకి చెప్పి మారుస్తానని, లేకపోతే పత్రికలో ఉన్నదే ఉంచుతామని అంది.

మళ్ళీ పేరు. కుర్చీలకున్న పేరు.

"మా తాత" అన్నాను. "ఆ అచ్చు చెక్కింది ఆయనే."

ఆ ముక్కతో ఆగినా బాగుండేది. ఆయన ఉలి పట్టాడంటే దొరలు గుర్రాలు దిగి చూసేవారని చెప్పాను. ఆవిడ పేరూ ఊరూ రాసుకుంది. కారెక్కాక మనవరాలు నా వంక అదోలా చూసింది.

"యూ నెవర్ టోల్డ్ మీ దట్."

"నువ్వు అడగలేదు."

మూడు వారాలకు కొత్త కార్డు ఫోటో వచ్చింది. పర్షియా పోయింది. పెడన వచ్చింది, దాని పైన మా తాత పేరు. తెలిసినవాళ్ళందరికీ పంపాను. ఆ నెలలోనే హెలెన్స్‌బర్గ్‌లో మనవాళ్ళ గుడికి వెళ్తే, క్యాంటీన్ వరసలో నా వెనకున్న ఒకాయన, "అంకుల్, మీ తాతగారు పెద్ద ఆర్టిస్టంటగా, గ్రేట్ అండీ" అన్నాడు. థాంక్స్ అన్నాను. పులిహోర తీసుకోకుండానే వరసలోంచి బయటికొచ్చాను.

మా తాత ఉలి పట్టిన మనిషి కాదు. అద్దకం వేసినవాడు కూడా కాదు. ఉడికించిన గుడ్డలను కాలవలో జాడించేవాడు. ఏడాది పొడుగునా నీళ్ళలో నిలబడి ఆయన పాదాలు ఎప్పుడూ తెల్లగా, ముడతలు పడి ఉండేవి. అది తక్కువ పనేం కాదు. ఆ ప్రవాహంలో సరిగ్గా జాడించకపోతే రంగు నిలవదు. ఆ మాటైనా చెప్పొచ్చు కదా నేను. చెప్పలేదు. కాలవలో నిలబడినవాడి పేరుకు గడి ఉండదనుకున్నాను. పత్రికవాడు చేసిన పనే, వాడికంటే తెలిసి చేశాను. అప్పటిదాకా వాడి మీదున్న కోపం తిరిగి తిరిగి నా మీదకొచ్చి కూర్చుంది.

మళ్ళీ మనవరాలిని బతిమాలి బయల్దేరాను. ఈసారి పెట్టె అడుగున ఉన్న మా అమ్మ అద్దకం దుప్పటి తీసుకెళ్ళాను. పెద్దావిడకు జరిగింది చెప్పాను. మొదట తాత చెక్కలేదు, అద్దకం వేశాడన్నాను. ఆ తర్వాత అద్దకమూ వెయ్యలేదు, జాడించాడన్నాను. గుర్రాల సంగతి ఆవిడే అడిగింది. గుర్రాలు లేవన్నాను.

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కార్డు తీసెయ్యక తప్పదంది. మళ్ళీ పాత మాటే పెడతాం, చేసినవారు అజ్ఞాతం అని కలుపుతాం అంది.

"ఎవరికి అజ్ఞాతం?" అన్నాను. ఈసారి నిజంగానే కాస్త గట్టిగా వచ్చింది. "మా వీధిలో అచ్చులు చెక్కేవాణ్ణి ఎరగనివాడు లేడు. అడిగితే చెప్పేవాళ్ళు. పత్రిక అడగలేదు."

"ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మను?"

న్యాయమైన ప్రశ్న. దుప్పటి విప్పి నేల మీద పరిచాను. మనవరాలు మోకాళ్ళ మీద కూర్చుని, ఫోటో పట్టుకుని ఒక్కొక్క చిలకనూ చూపించింది. ఆవిడా పక్కన చతికిలబడి వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఒక్కదానికీ కుడికాలు లేదు.

ఆవిడ లేచి, పెడన అని ఉంచుతాను, కమిటీ సంగతి నాకొదిలెయ్యండి అంది. పేరు గడిలో మాత్రం ఏం రాయాలని అడిగింది. "పత్రిక అడగలేదు అని రాయండి" అన్నాను. అంత కటువుగా కుదరదంది. గంట సేపు వాదించుకుని, "చెక్కినవారి పేరును పత్రిక నమోదు చేయలేదు" దగ్గర ఆగాం. కార్డు ఇప్పుడు అలాగే ఉంది. గుడ్డల మీద చిలకకు ఇంకా రెండు కాళ్ళే. ఉన్న సరుకు అయిపోవాలట.

తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు అడిగింది. "సో హూ మేడ్ ఇట్, రియల్లీ?"

ఫోటోలోని అచ్చు ఎవరిదో నాకు తెలియదు. నా చిన్నప్పుడు దాన్ని మళ్ళీ చెక్కినాయన మాత్రం మా వెనక సందులోనే ఉండేవాడు. రోజూ ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. జామకాయ కోసి ఉప్పద్ది పెట్టేవాడు. ఒకసారి, "కాలేది బాబాయ్?" అని అడిగాను.

"మా నాయన కుంటిదాన్నే ఇచ్చాడురా. నేను కాలు పెడితే ఆయన తప్పు చేశాడన్నట్టు ఉండదూ."

ఆ మాట, ఆ ఉప్పు రుచి, ఆయన బొటనవేలి మీద ఉలి కోసిన గాటు, అన్నీ గుర్తున్నాయి. మనవరాలు మళ్ళీ, "వాట్ వాజ్ హిజ్ నేమ్?" అంది.

బాబాయ్ అని పిలిచేవాణ్ణి. వీధిలో అందరూ చిలకలాయన అనేవాళ్ళు. పేరు తెలియదు. పదకొండేళ్ళు ఆ అరుగు మీద కూర్చుని, నేనూ అడగలేదు. ఆ మాట కార్డులో రాయించలేదు. ఇక్కడ రాస్తున్నాను.