భరించేది ఎవరు?

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. అంటే ఎనిమిది కూడా అయిపోయినట్టేనని లెక్క వేసుకుని బడి మానేశాను. అయినా రెండు మాటల పుట్టుక మాత్రం నాకు తెలుసు. పత్తికొండ మార్కెట్టుకు టమాటాలు తోలే నా బండిలో ఒకసారి రిటైరైన తెలుగు సారు ఎక్కారు. భర్త, భార్య, భరించడం, ఈ మూడూ ఒకే వేరు నుంచి మొలిచాయనీ, పోషించేవాడు భర్త, ఆ పోషణలో ఉండేది భార్య అనీ ఆయనే చెప్పారు. దిగేటప్పుడు గొడుగు మరిచిపోయారు, ఆ సంగతీ ఇంట్లో అందరికీ చెప్పాను. ఆ మాట, గొడుగు రెండూ నా దగ్గరే ఉండిపోయాయి.

మా అక్క కూతురి సంబంధం మాట్లాడే రోజు ఆ మాటను బయటికి తీశాను. పాప కడపలో నర్సు. అబ్బాయి తరఫువాళ్లు బద్వేలు నుంచి వచ్చారు. పెళ్లయ్యాక ఉద్యోగం మానమంటారేమోనని పాపకు ఒకటే దిగులు. పొద్దున్నే నన్ను పక్కకు పిలిచి, "మామా, ఆ మాటొస్తే నువ్వే మాట్లాడల్ల" అంది.

మాట్లాడాను. అందరూ బిగుసుకుని కూర్చున్నారు, కాస్త నవ్విద్దామని అబ్బాయి భుజం తట్టాను.

"భర్తంటే భరించేవాడని అర్థమప్పా. గేటు తీసే ఉండాది, పోతే ఇప్పుడే పో."

అందరికంటే గట్టిగా అబ్బాయి నాయన నవ్వాడు. "శానా బాగా చెప్పినావప్పా. భరించేది మావాడైనప్పుడు పాపకు ఉద్యోగమెందుకు? మాన్పిస్తే సరి."

కాఫీ గ్లాసుల పళ్లెంతో వంటింటి గడప దగ్గర నిలబడి పాప నన్నే చూస్తోంది. అబ్బాయి తల్లి వైపు తిరిగాను.

"ఏమక్కా, మీ ఇంట్లో ఎవరు ఎవర్ని భరిస్తాండారు?"

"ఈయప్పకు గుండె ఆపరేషనైనప్పటి నుంచి సేద్యం నేనే చూస్తాండా. ఈయప్పను గూడా నేనే చూస్తాండా," అందామె. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఆసుపత్రిలో నిన్ను కనిపెట్టుకోనున్నింది ఒక నర్సు పాపే గదా. ఆ పాపనూ ఇట్లే మాన్పించింటే?"

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరేలే, పాప ఇష్టం," అన్నాడు. చర్చిలో ప్రధానం చేసి ఉంగరాలు తొడగడానికి రోజు కూడా అప్పుడే అనుకున్నారు.

వాళ్లు వెళ్లాక గెలిచినవాడిలా వంటింట్లోకి పోయాను. "చూసినావా, నా మాట ఎట్ల పనిచేసిందో?"

పాప గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"నీ నోరు ఇన్నేండ్లుగా భరిస్తాండేది మా అత్త గదా మామా. ఆమెనేమనల్లో ఆ సారునే అడుగుకోని రా. పోయేటప్పుడు ఆయప్ప గొడుగు గూడా ఇచ్చిరా."