ఏది పడ్డా నీదే

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు దిగి, మట్టిబాటలో కొంత లోపలికి పోతే మా రెండెకరాలు వస్తాయి. బాపు ఉన్నప్పుడు అది చేను. నేను పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మాత్రం వచ్చి చూసుకోవడం మొదలుపెట్టాక అది ప్రాపర్టీ అయింది. చేనుకు పంట ఉంటుంది, ప్రాపర్టీకి ఫెన్సింగ్ ఉంటుంది. మాదానికి రెండూ సగం సగమే.

గట్టు మీద ఒక నల్లతుమ్మ ఉండేది. కౌగిట్లో ఇమడనంత మాను. ముళ్లు లేకపోతే నేను కౌగిలించుకుని చూసేవాణ్నేమో కూడా. దాని కింద రాలిన ఎండు పుల్లలు ఏరుకోవడానికి ఒక అవ్వ వచ్చేది. పక్క ఊరే. రిసార్టులకు పోయే కార్లు మలుపు తిరిగే చోట, రోడ్డు పక్కన రేకుల పందిరి కింద పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ‘కట్టెల పొయ్యి మీది రొట్టె’ అని అట్ట మీద రాయించి వేలాడదీసింది. పట్నం వాళ్లు ఆగేది ఆ అట్టను చూసే. గ్యాసు పెడితే ఆమెకు గిరాకీ పోతుంది, కట్టె లేకపోతే పొయ్యే పోతుంది. ఒకప్పుడు ఏ గట్టు మీద పడితే ఆ గట్టు మీద ఏరుకునేదట. ఇప్పుడు ఒక్కో గట్టూ గోడయింది, గేటయింది, వెంచరయింది. ఆమె దర్జాగా నడిచి రాగలిగిన చోటు చివరికి మాదొక్కటే మిగిలింది. అది నా మంచితనం కాదు, గేటు పెట్టించే తీరిక లేక.

మొదటిసారి చూసినప్పుడు, భూమి గలవాడు ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఎవరవ్వా నువ్వు అని అడిగాను. ఆమె వంచిన నడుము ఎత్తకుండానే నేను ఎవరి కొడుకునో, ఎవరి మనుమణ్నో చెప్పి, నన్ను నాకే పరిచయం చేసింది. తర్వాత తన సంగతి చెప్పింది.

“మీ బాపు ఉన్నప్పటిసంది ఒక్కటే మాట కొడుకా. చెట్టేమో మీది, పడ్డ పుల్ల నాది. పచ్చి కొమ్మకు కత్తి పెట్ట.”

నేను సరేనని అక్కడితో ఊరుకోవలసింది. కానీ పక్క చేను ఆయన, నేను అన్న అని పిలిచే మనిషి, గట్టు మీద కూర్చుని మా మాటలు వింటున్నాడు. చూసేవాళ్లుంటే నాకు దానగుణం కొంచెం పొంగుతుంది.

“పుల్లలేందవ్వా, ఏది పడ్డా నీదే” అన్నాను.

అవ్వ అప్పుడు నడుము ఎత్తి నా ముఖం చూసింది. “ఏది పడ్డా?”

“ఏది పడ్డా.”

తాను విన్నానని, సాక్ష్యానికి ఎప్పుడు పిలిచినా వస్తానని పక్క చేను అన్న నవ్వాడు. నేనూ నవ్వాను. మా దిక్కు భూముల సంగతిలో కాగితాలు ఈ మధ్య వచ్చినవే. అంతకుముందంతా గట్టు మీద నిలబడి అన్న మాటే కాగితం, విన్న పక్కచేనువాడే ముద్ర. ఆ సంగతి తెలిసి కూడా నేను ఆ రోజు మాటను పుల్లంత తేలిగ్గా విసిరాను.

రెండేళ్లు అట్లా నడిచింది. ఆదివారం పూట ఆమె పుల్లలు ఏరేది, నేను పక్కన నిలబడి కబుర్లు ఏరుకునేవాణ్ని. వేప పొగ కళ్లు మండిస్తుందని, సర్కారు తుమ్మ చిటపటలాడుతుందని, నల్లతుమ్మ నిప్పు మాత్రం మంచి మనిషి కోపంలాగా ఎక్కువసేపు నిలుస్తుందని ఆమె చెప్పగా తెలుసుకున్నాను. ఒక్కోసారి కొంగులో కట్టి తెచ్చిన రొట్టె చేతిలో పెట్టి, పట్నంలో ఏం తింటున్నవో ఏమో కొడుకా అని పోయేది.

ఇదే రోజుల్లో చేనులో రెండు గదులు కట్టించడం మొదలుపెట్టాను. గోడలు లేచాయి, తలుపులు బిగించడానికి దర్వాజ కావాలి. టేకు ధర అడిగి, విని, దండం పెట్టి వచ్చాను. వడ్రంగి పని చేసే వడ్లాయన గట్టు మీది తుమ్మను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, అంత ముదురు తుమ్మతో దర్వాజ చేస్తే చెద కూడా పళ్లు విరుగుతాయని భయపడి దగ్గరికి రాదన్నాడు. నిలబడ్డ చెట్టును కొట్టించే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి దూలం మీద దూల మొదలైంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆ చెట్టు కింద ఆమె నేల వైపు చూసేది, నేను పైకి చూసేవాణ్ని.

పోయిన ఎండకాలం నడుమ ఒక సాయంత్రం గాలి దుమారం లేచింది. తెల్లవారి పక్క చేను అన్న ఫోన్ చేశాడు.

“తమ్మీ, మీ తుమ్మ పడ్డది. వేర్లతోని సహా లేచింది.” కొంచెం ఆగి, “అవ్వకు నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా?” అన్నాడు.

నేనే చెప్తానన్నాను. అబద్ధం కాదు. ఎప్పుడు చెప్తానో మాత్రం చెప్పలేదు.

ఆఫీసుకు సెలవు పెట్టి బయలుదేరాను. దారి పొడుగునా నాతో నేనే వాదించుకున్నాను. పడ్డది అంటే పుల్లలని అర్థం. మహా అయితే కొమ్మలు. మానుకు మానే అని ఎవరన్నారు? అయినా అంత మొద్దును ఆమె ఏం చేసుకుంటుంది, గొడ్డలితో చీల్చేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? మొయినాబాద్ దాటేసరికి కేసు గెలిచాను. జడ్జీ నేనే కాబట్టి పెద్దగా ఆలస్యం కాలేదు.

మిషన్‌తో చెట్లు కోసేవాళ్లను, జేసీబీని, ట్రాక్టర్‌ను పిలిపించాను. పొద్దు నడినెత్తికి రాకముందే మొద్దు చేవెళ్లలోని కట్టె కోత మిషన్ దగ్గర దిగింది. కొమ్మలన్నీ కోయించి, గట్టు పక్కన వరుసగా పేర్పించాను. రెండు బండ్ల కట్టె. ఏడాదంతా ఏరినా ఇంత దొరకదు కదా అని నా ఉదారతకు నేనే మురిసిపోయాను.

రొట్టెల గిరాకీ అయ్యాక అవ్వ వచ్చింది. ఎవరు చెప్పారో, మోపు కట్టే తాడు ఒకటి కాదు, రెండు తెచ్చుకుంది. వేర్లు లేచిన గుంత దగ్గర నిలబడింది. మాను ఉండవలసిన చోట ట్రాక్టర్ టైర్ల జాడలు చూసింది. ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను చాలా చెప్పాను. దర్వాజ గురించి, చెద గురించి, ఆమె కోసం పేర్పించిన కొమ్మల గురించి.

“మంచిది సారు,” అన్నది. “కొమ్మలు గూడ మీరే తీస్కపోండ్రి. గట్టు సాఫ్ అయితది.”

రెండేళ్లలో ఆమె నన్ను సారు అనడం అదే మొదలు. ఆఫీసులో రోజుకు ఎన్నోసార్లు వినే మాటే. అక్కడ అది గౌరవంగా వినిపిస్తుంది, ఇక్కడ గట్టు అవతలికి నెట్టినట్టు వినిపించింది. ఆమె రెండు తాళ్లూ చేతికి చుట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం కొమ్మలు అట్లాగే ఉన్నాయి. ఆ పై ఆదివారమూ అంతే. ఆకు ఎండి రాలింది, ముళ్లు తెల్లబడ్డాయి, ఒక్క పుల్ల కదల్లేదు. అవ్వ ఎందుకు రావడం లేదని పక్క చేను అన్నను అడిగాను, తెలియనట్టు.

“ఎందుకొస్తది? ఏది పడ్డా నీదే అన్నవు. పడ్డది. మంచిది నువ్వు ఎత్తుకపోయి, మిగిలింది పెట్టినవు. ఆమె నిన్ను బిచ్చం అడుగలె గద తమ్మీ.”

చెట్టు పడ్డందుకు నేను మాట పడ్డాను. 

అటు కోత మిషన్ దగ్గర మా మొద్దు ఇంకా వరుసలోనే ఉంది. పెళ్లిళ్ల మంచాల పని ఎక్కువుందని, రంపం పట్టీ పదునుకు పోయిందని మిస్త్రి వారం వారం వాయిదా వేస్తున్నాడు. ఆ ఊళ్లో కోత మిషన్‌కు తీరిక లేకపోయినా, కోతలు కోసే నాలాంటివాళ్లకు మాత్రం తీరికే తీరిక. బెంచీ మీద కూర్చుని దర్వాజకు ఏ పువ్వు చెక్కించాలో వచ్చినవాళ్లకల్లా చెప్పి వచ్చేవాణ్ని.

వానలు మొదలయ్యే మిరుగం కార్తె ఇంకా పది రోజులుందనగా, ఒక ఆదివారం అవ్వ పందిరి దగ్గర బండి ఆపాను. దిగకముందే వాసన తగిలింది. రంగు కాలిన వాసన, జిగురు కాలిన వాసన. మోకిల వైపు కడుతున్న ఇళ్ల దగ్గర పారేసిన ప్లైవుడ్ ముక్కలను, సెంట్రింగ్ చెక్కలను ఎవరో ఆటోలో తెచ్చి ఆమెకు పోస్తున్నారు. పొయ్యిలో అవే మండుతున్నాయి. కారులోంచి దిగిన ఒకామె రొట్టెను వాసన చూసి, మళ్లీ పళ్లెంలో పెట్టి, పిల్లలను కారెక్కించుకుని పోయింది. అవ్వ ఆ రొట్టెను తీసి నాకే పెట్టింది.

“తినుండ్రి సారు.”

తిన్నాను. కొత్త ఇంటిని కొరికినట్టుంది.

పందిరి వెనక గోడ వెంబడి, ఎండకాలం పోయేసరికి నా ఛాతీ ఎత్తున కట్టె పేర్చి ఉండాలి. అక్కడ నేల కనిపిస్తోంది. వానకాలానికి ఏం చేస్తావని అడిగాను. ఈ ముక్కలు నీళ్లు తగిలితే ఉబ్బుతాయని, మండవని, మిరుగం పడితే పొయ్యి బంద్ పెట్టుడేనని చెప్పింది. నన్ను నిందించినట్టు కాదు, వాన సంగతి చెప్పినట్టు చెప్పింది.

నోట్లో రొట్టె ఉండగా క్షమాపణ అడగడం కష్టం. మింగి అడిగాను. “అవ్వా, తప్పయింది. ఆ మొద్దు నీదే. దర్వాజ మందం జర నాకిస్తవా?”

ఆమె పెనం మీద రొట్టెను తిప్పింది. తడి అద్దింది. మళ్లీ తిప్పింది. పక్కన గిరాకీ కోసం నిలబడ్డ ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

“పడ్డనాడు ఒక్క మాట అడిగితే ఇస్తుంటి,” అన్నది. “ఇప్పుడియ్య.”

దాని తర్వాత ‘కానీ’ వస్తుందని కాసేపు ఎదురుచూశాను. రాలేదు.

“నీ దర్వాజ నూరేండ్లు నిలబడ్తది. మంచిగనే ఉంటది. నాకు ఈ వానకాలం ఎల్లాలె, పొయ్యి మండాలె.”

మరునాడు ఆమెను బండిలో ఎక్కించుకుని కోత మిషన్‌కు తీసుకుపోయాను. రంపం పట్టీ ఆ పొద్దున్నే వచ్చింది. మిస్త్రి సంతోషంగా, సైజులు చెప్పండి సార్ అని పెన్సిల్ చెవి మీంచి తీశాడు. నేను అవ్వ వైపు చూపించాను. ఆమె చేయి చాపి జానెడు కొలత చూపించింది.

మిస్త్రి నవ్వాడు. మేమిద్దరం నవ్వకపోయేసరికి ఆపేశాడు. మొద్దు మొదలును తడి గుడ్డతో తుడిచి చూపించాడు. పైన తెల్లటి వలయం, లోపలంతా ముదురు ఎరుపు.

“చూడవ్వా, ఎంత చేవ ఉన్నదో. గిసొంటిదాన్ని పొయ్యిల పెడ్తరా ఎవలన్న?”

“ఈ మొద్దు ఎవలది?”

మిస్త్రి నన్ను చూశాడు. నేను తల ఊపాను. “నీదే అంటున్నడు గద సారు.”

“నాదైతే కొయ్యి.”

చేవ అనే మాట కట్టెకూ వాడతాం, మనిషికీ వాడతాం. ఆ రోజు అక్కడున్న ముగ్గురిలో, మొద్దును కూడా కలిపితే నలుగురిలో, అది లేనిది నాకే. చిన్నప్పుడు లెక్కల సారు నన్ను తుమ్మ మొద్దు అనేవాడు. ఆయన తుమ్మ మొద్దును సరిగ్గా చూసి ఉండడు.

రంపం అరుస్తూ కదిలింది. ఒక్కో ముక్క పడుతుంటే నాకు అది దర్వాజ ఎడమ కాలు, ఇది కుడి కాలు, ఇది పైకమ్మి అని కనిపిస్తూనే ఉంది. అవ్వ మాత్రం గెలిచిన మనిషిలా నిలబడలేదు. పడ్డ ముక్కను పడ్డట్టే తీసి, చేతిలో బరువు చూసి, రెండు కుప్పలు పెట్టసాగింది. బంగారాన్ని బూడిద చేస్తున్నామని గొణుక్కుంటున్న మిస్త్రికి అది చూసి ఆసక్తి పుట్టింది. ఎందుకు వేరు చేస్తున్నవని అడిగాడు. పైతెలుపు మంటకు, చేవ నిప్పుకు అని చెప్పింది. రొట్టె మంట మీద కాలుతుంది, నిప్పు మీద పొంగుతుంది, ఒక్కటే ఉంటే రొట్టె కాదు. ఆ తర్వాత మిస్త్రి ఆమెను అడిగి అడిగి కోశాడు. వడ్లాయన ఆ మానును చూసినంత శ్రద్ధగానే ఆమె కూడా చూసిందని, ఆమె చూసింది రెండేళ్లుగా కాదు, బాపు కాలం నుంచని నాకు అప్పుడు తట్టింది. కట్టెకు దర్వాజ కావడం పెద్ద పదవి అని నేను ఎందుకనుకున్నానో తెలియదు. మా ఇంటికి తర్వాత సిమెంటు దర్వాజే పెట్టించాను. దానికీ చెద పట్టదు.

ట్రాలీలో ముక్కలన్నీ పందిరి వెనక దించాం. పేర్చడం నా పని అన్నాను. పేర్చాను. అవ్వ వచ్చి చూసి, మొత్తం కూలదోసింది. కింద రాళ్లు పెట్టాలె, మధ్యల గాలి ఆడాలె, పెద్ద చదువులు చదివి గోడ కట్టినట్టు కడ్తవేంది అన్నది. రెండోసారి ఆమె చెప్పినట్టు పేర్చాను. ఆపాటికి పొద్దు వాలింది. నాకు చెంబుతో నీళ్లిచ్చి, తాను జొన్నపిండి మూట మీద కూర్చుని కుప్పను పైనుంచి కింది దాకా చూసుకుంది.

“కొమ్మలు ఇంక ఉన్నయా?”

“ఉన్నయవ్వా. ఎవ్వరు ముట్టలె.”

“ముట్టితే ఎట్ల, నావి గద,” అని లేచి, రేకు సందులోంచి కత్తి, రెండు తాళ్లు తీసింది. పడమట మబ్బు పట్టింది, చీకటి పడేలోపు ఒక్క మోపన్న కట్టొచ్చని నన్ను కూడా లేపింది.

ఆ రోజు ఒకటి, తర్వాత రోజుకు రెండు మూడు. నేను సెలవు పెట్టిన రోజు ఇంకో రెండు. మిరుగం వాన ఈసారి కొంచెం ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి గట్టు మీద ఒక్క పుల్ల కూడా లేదు.