అత్తయ్య కొరికిన గిన్నె

అదేనండీ, ఇందాక సగంలో ఆపాను కదా, మా మేనత్త పెంకులు నాకుతుందని! మీరు నవ్వారు గానీ, నిజంగానే నాకుతుంది. తవ్వకాల్లో బయటపడ్డ రోమన్ కుండ పెంకుల్ని గుర్తుపట్టడం ఆవిడ ఉద్యోగం. అందరూ భూతద్దంతో మొదలుపెడితే అత్తయ్య నాలుకతో మొదలుపెడుతుంది. అంటుకుంటే మామూలు మట్టికుండ, జారిపోతే నిగనిగలాడే ఎర్రపూత గిన్నె. ఇంకా అనుమానముంటే అంచు పంటికింద పెట్టి, ఇసుక కరకరలాడుతోందేమో చూస్తుంది.

ఎవరింటికెళ్ళినా కాఫీ తాగేసి కప్పు అడుగు నాకుతుంది.

"పంచదార సరిపోలేదా అక్కయ్యా?" అని ఆ ఇల్లాలి కంగారు.

"కాఫీ అమోఘం. మట్టే నాసిరకం!"

మామయ్యయితే కంచం ముందు కూర్చుని, "మీ అత్త పరీక్ష అయిందా? ఇక నేను తినొచ్చా?" అంటాడు.

ఆమధ్య ఓ ద్రాక్షసారా కూజా పిడిని కొరికి, కట్టుడు పళ్ళ సెట్టు విరగ్గొట్టుకుంది. అది రిపేరుకి వెళ్ళిన వారంలోనే చెక్కుచెదరని రోమన్ గిన్నె ఒకటి దొరికింది. పెంకులు కడగడానికి కొత్తగా చేరినావిడ బ్రష్షుతో రుద్దుతుంటే, తొట్టి అంచుకి తగిలి రెండు ముక్కలైంది. వస్తువు పగలగొట్టినవాళ్ళు మర్నాడు పనిలోకి రానక్కర్లేదని అక్కడ రూలు. పాపం, ఆవిడ బ్రష్షు వెనక్కి దాచుకుంది.

తవ్వకాల డైరెక్టరు వచ్చి ముక్కని వెలుగులో పెట్టి చూశాడు. పాత విరుపైతే మాసిపోయి ఉంటుంది. ఇది తాజాగా మెరుస్తోంది.

"ఇవాళ్టి విరుపే! ఎవరి పనిది?"

అత్తయ్య లేచింది. "నాదే బాబూ. కొరికాను."

డైరెక్టరు నమ్మేశాడు. నమ్మక చస్తాడా, ఇన్నేళ్ళుగా చూస్తున్నాడాయె! "ఎన్నిసార్లు చెప్పానండీ, నాకితే నాకండి, కొరక్కండి అని!"

అత్తయ్య సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. అక్కడ దొరికిపోయింది.

ఆయన ఆ బోసినోటి వంక చూశాడు, గిన్నె వంక చూశాడు, తొట్టి దగ్గర బ్రష్షు దాచుకున్నావిడ వంక చూశాడు.

"దేంతో కొరికారండీ?"

"చిగుళ్ళతో. మాది గట్టి వంశం!"

ఇన్నేళ్ళు బళ్ళో పిల్లల అబద్ధాలు విన్నాను గానీ, ఇంత నీరసపు అబద్ధం నేనెక్కడా వినలేదు. డైరెక్టరుకి నవ్వాగలేదు. "సరే, అతికించండి. ఈసారి కాస్త మెత్తని కుండ చూసుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఇదంతా ఆ కడిగే ఆవిడే నాకు చెప్పింది. ఇప్పటికీ అక్కడే ఉంది. అత్తయ్య నోటికి వెళ్ళే పెంకుల్ని మాత్రం ఒకటికి రెండుసార్లు కడుగుతుందట.

పాత సెట్టు బాగవలేదట, కొత్త పళ్ళు నిన్ననే వచ్చాయని మామయ్య చెప్పాడు. ఉండండి, అత్తయ్యకి ఫోన్ చేసి, బోణీ దేంతో చేసిందో కనుక్కుంటాను.